పొట్టలో కల్లు లొట్టి

1983 ఆగస్టు 9

తొమ్మిది పటాల చుట్టలూ ఇవాళ పోయాయి. పఠాన్ డాక్టరు రిక్షా తెచ్చి, ఒక్కొక్క చుట్టనూ చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని సీటు మీద పేర్చాడు. తను మాత్రం పక్కన నడిచి పోయాడు. చౌరస్తా అంతా చూసింది. మూడు నెలలుగా నా దుకాణం నిండా పేగులూ ఊపిరితిత్తులూ వేలాడుతుంటే, బోర్డు రాయించుకుందామని వచ్చినవాళ్ళు గడప దాకా వచ్చి వెనక్కి తిరిగారు. ఇప్పుడు గోడలు బోసిపోయాయి. చేతికి పని లేక ఈ ఎరువుల కంపెనీ డైరీ తీశాను. రెండేళ్ళ కిందటిది. తారీఖులు నేనే దిద్దుకుంటున్నాను.

డాక్టర్ గుల్ రహీం కాబూల్ మనిషి. చదువుకోవడానికి మన దేశం వచ్చాడు, చదువు అయ్యేసరికి అక్కడ యుద్ధం. హనుమకొండ మిషన్ దవాఖానలో ఉండిపోయాడు. ఇట్లా దేశం విడిచిన వాళ్ళ డాక్టర్లు ఢిల్లీలో ఒకరు, జర్మనీలో ఇద్దరు ఉన్నారట. ఉత్తరాల మీదే సంఘం కట్టుకున్నారు. ఒకరు మందులు పంపుతారు, ఒకరు ఏడాదికి రెండు నెలలు పోయి పాఠం చెప్పి వస్తారు. పెషావర్ దగ్గర గుడారాల్లో ఉన్న వాళ్ళ జనంలో మగ డాక్టరు ఆడమనిషిని ముట్టకూడదు. రోగం వస్తే ఆడవాళ్ళు చావాల్సిందే. అందుకని పదకొండు మంది ఆడవాళ్ళకు వైద్యం నేర్పే బడి పెట్టారు. చెప్పేది ఈయన చెల్లెలు జర్మీనా. నర్సు చదువు సగంలో ఆగిపోయిన పిల్ల.

జర్మనీ వాళ్ళు పంపిన కాగితం పటాలు ఒక్క వానకు ముద్దయ్యాయట. ఆ కబురు వచ్చిన వారమే డాక్టరు నా దుకాణంలో మా నాయన వేసిన కథల పటం చూశాడు. మాది పటాలు వేసే నకాషీ వాళ్ళ ఇల్లు. ఖద్దరు గుడ్డకు చింతగింజల జిగురు, సుద్ద పట్టించి వేస్తాం. వందసార్లు చుట్టినా రంగు పగలదు.

"ఉస్తాద్, ఇది గాడిద మీద పోతదా?" అన్నాడు.

"సాబ్, గాడిద మీదనే వచ్చింది. మా నాయన గాడిద మీద తిరిగే అమ్మేటోడు."

అట్లా నాకు పని దొరికింది. వాళ్ళ పాత పుస్తకం ఒకటి ఇచ్చాడు, అందులోని బొమ్మలు పెద్దవిగా గుడ్డ మీదికి ఎక్కించాలి.

ఇక అసలు సంగతి. ఐదో చుట్ట పొట్ట. కాలేయం కింద ఆకుపచ్చ సంచి ఒకటి ఉంటుంది, పిత్తం సంచి. పుస్తకంలో చూస్తే అచ్చం తాటిచెట్టుకు కట్టే కల్లు లొట్టి. మూడు రోజులు చూశాను. నాలుగో రోజు చెయ్యి ఆగలేదు. మెడకు తాడు చుట్టాను, ముడి వేశాను, మూతి మీద ఇంత తెల్లటి నురగ పెట్టాను. మా నాయన గింజలు కొలవని పటేలు మొహాన్ని రాక్షసుడికి పెట్టేవాడు. నేను రైసుమిల్లు రాజేశ్వర్ రావు మొహాన్ని అతని బోర్డు మీది సింహానికి పెట్టాను. ఊరంతా నవ్వింది, ఆయన సంగతి తెలియక రెండేళ్ళు దానికి దండ వేశాడు. మా ఇంటి చేతికి అది అలవాటు.

డాక్టరు కనిపెడతాడు, తిడతాడు, నవ్వుతాడు, చాయ్ తాగిస్తాడు, నేను చెరిపేస్తాను. అనుకున్నది అది. ఇవాళ ఆయన తొమ్మిదీ పరిచి చూశాడు. ఐదో దాని దగ్గర నవ్వు ఆపుకోవడానికి నోట్లో పాన్ కుక్కుకున్నాను. కాలేయం మీద వేలు పెట్టాడు, లొట్టి పక్కనుంచి వేలు పోయింది. "బహుత్ ఖూబ్, ఉస్తాద్" అన్నాడు. అన్నీ చూశానని కాగితం మీద సంతకం కూడా పెట్టాడు. చుట్టలు తీసుకుపోయే ఢిల్లీ మనిషి మధ్యాహ్నం బండికే పోతున్నాడట, తొందర.

చెబుదామని నోరు తెరిచాను. నోట్లో పాన్ ఉంది. ఉమ్మి వచ్చేసరికి రిక్షా కదిలింది.

కల్లు తాగని మనిషికి లొట్టి ఏం తెలుస్తుంది? కళ్ళు ఆయనవి, తప్పు నాదా?

ఆగస్టు 10

మా ఆవిడ కళావతి అన్నం పెడుతూ అడిగింది.

"ఆ లొట్టి తీసినవా లేదా?"

"తీసిన."

ఈమెకు అబద్ధం చెప్పాను కాబట్టి ఇక్కడ నిజం రాస్తున్నాను. తీయలేదు.

ఆగస్టు 27

అక్కడ చూసేవాళ్ళు మాత్రం డాక్టర్లు కారా? తుడిచేస్తారు.

సెప్టెంబరు 14

ఉత్తరం రాలేదు. నాకెందుకు?

అక్టోబరు 3

డాక్టరు పరుగెత్తుకుంటూ వచ్చాడు, మెడలో గొట్టం కూడా తీయలేదు. చెల్లెలి దగ్గరనుంచి ఉత్తరం, రెండు ఫోటోలు. ఒకదానిలో గుడారం ముందు పదకొండు మంది ఆడవాళ్ళు, మొహాలు కప్పుకుని, నోటుబుక్కులు తెరిచి గుండెల ముందు పట్టుకున్నారు. రెండోది ఒక నోటుబుక్కు పేజీ, దగ్గరగా తీసింది. నా పొట్ట బొమ్మే. పెన్సిల్‌తో ఎంత శ్రద్ధగా దించారంటే తాడు పురి కూడా వేశారు. నురగకు చుక్కలు పెట్టారు.

మొదటి ఫోటో మళ్ళీ చూశాను. పదకొండు పొట్టలు, పదకొండు లొట్టిలు.

నవ్వొచ్చింది. నిజం రాయాలి, పగలబడి నవ్వాను. డాక్టరు నేను సంతోషంతో నవ్వుతున్నానని అనుకుని నా భుజం మీద చెయ్యి వేసి తనూ నవ్వాడు. ఆయన నవ్వేసరికి నాది ఆగిపోయింది.

"ఉస్తాద్, ఈ ఆడోళ్ళు ఎన్నడు బడికి పోలే. కాయితం పట్టుకునుడు గూడ ఇదే ఫస్ట్. మా పెద్దమనుషులు వద్దన్నరు. చెల్లె వాళ్ళ కాళ్ళు పట్టుకున్నది. డిసెంబరుల జర్మనీ నుంచి మావాళ్ళు ఇద్దరు వచ్చి పరీక్ష పెడ్తరు. పాస్ అయితే ఆడోళ్ళ దవాఖాన తెరుస్తరు."

"అట్లనా సాబ్" అన్నాను.

అప్పుడు చెప్పి ఉంటే రెండు నెలల టైము ఉంది. ఒక్క కార్డు ముక్క చాలు: ఐదో చుట్టలో తాడూ నురగా తప్పు, చెరపండి. ఇది రాయడానికి డాక్టరు కావాలా, నాలుగో తరగతి చాలు.

చాయ్ తెప్పించాడు. తాగాను.

అక్టోబరు 19

రేపు చెబుతాను.

అక్టోబరు 20

దవాఖాన దాకా పోయాను. రోగులు ఉన్నారు. లైను పొడుగ్గా ఉంది. వచ్చేశాను.

నవంబరు 8

తాడు ఉంటే ఏమైంది? కాలేయం సరిగా వేశాను, పేగులు సరిగా వేశాను. మూరెడు పేగులో వేలెడు తాడు.

డిసెంబరు 21

ఇవాళ సంగతి రాసి పడుకోవాలి.

పొద్దున నేను బట్టల దుకాణం బోర్డుకు గీతలు కొడుతుంటే డాక్టరు వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. చేతిలో ఉత్తరం. నిచ్చెన దిగాను.

పరీక్ష అయిపోయిందట. ఆ ఇద్దరు డాక్టర్లు, గుడారాల పెద్దమనుషులు నలుగురు, అందరూ కూర్చున్నారట. ఐదో చుట్ట తగిలించారు. షిరీన్ అనే ఆమెను నిలబెట్టి పొట్ట గురించి చెప్పమన్నారు. యుద్ధంలో మొగుడు పోయిన మనిషి, బడిలో అందరికన్నా చురుకు. కాలేయం చెప్పింది, పేగులు చెప్పింది. జర్మనీ డాక్టరు ఒకాయన తాడు మీద కర్ర పెట్టి ఇదేమిటి అని అడిగాడు.

ఇది పిత్తం సంచిని కాలేయానికి కట్టే తాడు, ముడి వదులైతే పచ్చకామెర్లు వస్తాయి, అన్నదట.

ఎవరు చెప్పారని అడిగారట. జర్మీనా లేచి నేనే చెప్పానన్నదట. పటంలో తాడు ఉంది, తనకు తెలియని నరమేదో అనుకుంది, ఆలోచించి ఆలోచించి దానికో పని కల్పించింది. అన్నయ్య చూసి సంతకం పెట్టిన పటం తప్పవుతుందా?

డాక్టర్లు నవ్వారట. డాక్టర్లను చూసి పెద్దమనుషులు నవ్వారు. ఆడవాళ్ళకు చదువు చెబితే ఇట్లాగే ఉంటుందని వాళ్ళు కాచుకునే ఉన్నారు. ఆ సాయంత్రమే బడి గుడారం పీకేశారు. పదకొండు మందీ ఇళ్ళకు పోయారు. జర్మీనా తనకు ఏమీ రాదనీ, ఇక ఎవరికీ ఏమీ చెప్పననీ రాసింది.

డాక్టరు జేబులోంచి ఆ నోటుబుక్కు పేజీ ఫోటో తీసి నా ముందు పెట్టాడు.

"ఇది ఎక్కడ్నుంచి వచ్చింది, ఉస్తాద్? నేను చూసిన. చూసి గూడ చూడలే. నువ్వు జర చెప్పు."

ఆయన గొంతులో కోపం లేదు. తప్పు తనదేనన్నట్టు అడిగాడు. కొట్టినా బాగుండేది.

"పుస్తకంల అట్లనే ఉండె సాబ్" అన్నాను.

నోట్లో ఇవాళ పాన్ లేదు.

డిసెంబరు 22

పుస్తకం ఏదని అడిగాడు. చెదలు పట్టింది, పారేశానన్నాను. పుస్తకం రంగు డబ్బాల వెనక ఉంది. గోనెపట్టా కప్పాను.

డిసెంబరు 26

జర్మనీకి ఉత్తరం రాశాడట, తప్పు పుస్తకంలోనిదని. "మా ఉస్తాద్ పుస్తకం అది" అన్నాడు నాతో. కాబూల్లో ఆయనకు చదువు చెప్పిన ముసలాయనది. ఆ ముసలాయనను ఒకరోజు క్లాసులోనుంచి తీసుకుపోయారు, మళ్ళీ రాలేదు. పుస్తకం మాత్రం ఈయన దగ్గర మిగిలింది.

"ఆయన పుస్తకంల తప్పు ఉంటదని నేను అనుకోలే. ఇప్పుడు అందరికి తెలిసింది" అన్నాడు.

చచ్చినవాడి మీద కూడా నా లొట్టి వేలాడదీశాను.

డిసెంబరు 30

హన్నా వచ్చింది. మిషన్ దవాఖానలో పెద్ద నర్సు. పటాలు వేసిన రోజుల్లో నాకు ఏది ఎక్కడ ఉంటుందో చెప్పింది ఈమే. ఫోటో డాక్టరు బల్ల మీద చూసిందట. దుకాణంలోకి వస్తూనే మొదలుపెట్టింది.

"రాజమల్లన్నా, నేను దోర్నకల్ పోయింది పదిహేను రోజులు. ఆ పదిహేను రోజులల్లనే దొరికిందా నీకు పొట్ట?"

"ఏం పొట్ట?"

"నాటకాలు జెయ్యకు. మా నాయన తాగి తాగి సచ్చిండు. లొట్టి నాకు తెల్వదా? సార్‌కు తెల్వదు, అక్కడోళ్ళకు తెల్వదు. వరంగల్ జిల్లాల పుట్టినోళ్ళకు ఎవరికి చూపినా చెప్తరు."

"మజాక్ కోసం చేసిన, హన్నమ్మా. సార్ పట్టుకుంటడనుకున్న."

"పట్టుకోలే. అప్పుడు నీ నోరేమైంది? ఊరందరి మీద లేస్తది గదా అది!"

నేను పుల్లతో రంగు కలుపుతూ కూర్చున్నాను. ఏ రంగు కలుపుతున్నానో తెలియలేదు.

"సార్‌కు చెప్తవా?" అన్నాను.

"నేను చెప్ప. నువ్వే చెప్పాలె. నేను చెప్తే నువ్వు ఏడ్సుకుంట ఇంటికి పోతవు, గంతే. సార్ చెల్లె మాత్రం నేను మొద్దుదాన్ననే అనుకుంటది. నువ్వు చెప్తే ఆ పిల్లకు తెలుస్తది, తప్పు ఆమెది గాదని."

పోతూ పోతూ గడప దగ్గర ఆగి, "బొమ్మ మంచిగనే ఏసినవు, పాపం" అన్నది. ఆమె ఆ మాట ఎందుకన్నదో గానీ అది పోయి ఎక్కడో తగిలింది.

డిసెంబరు 31

కళావతికి చెప్పాను. వింటూ గిన్నెలు సర్దింది. తర్వాత, "గా పదకొండు మంది ఇండ్లల్ల ఇప్పుడు ఏమంటున్నరో" అన్నది. నేను ఇన్ని రోజులు డాక్టరు ఏమనుకుంటాడో అన్నదే ఆలోచించాను. ఆ ఇళ్ళ సంగతి నాకు తోచనే లేదు.

1984 జనవరి 2

చెప్పాను.

పుస్తకం చంకలో పెట్టుకుని పోయాను. ఐదో బొమ్మ ఉన్న పేజీ తెరిచి ఆయన బల్ల మీద పెట్టాను. తాడు లేదు, నురగ లేదు. ఉత్త సంచి.

ఆయన పేజీ చూశాడు. నన్ను చూశాడు. మళ్ళీ పేజీ చూశాడు.

"చెదలు?" అన్నాడు.

"పట్టలే సాబ్. దాచిపెట్టిన. తాడు నేనే ఏసిన. అది కల్లు లొట్టి. తమాషకు."

లొట్టి అంటే ఏమిటో చెప్పాల్సి వచ్చింది. తాటిచెట్టు, గీత, దానికి కట్టే కుండ, అందులో పొంగే నురగ. చేతులతో చూపించాను. ఇంత నవ్వులాటగా మొదలైన దాన్ని ఒక డాక్టరు ముందు నిలబడి, పరీక్షలో పాఠం అప్పజెప్పినట్టు అప్పజెప్పడం ఎట్లా ఉంటుందో నా శత్రువుకు కూడా వద్దు. షిరీన్ కూడా ఇట్లాగే నిలబడి చెప్పి ఉంటుంది.

ఆయన తిట్టలేదు. కిటికీ వైపు తిరిగి వాళ్ళ భాషలో ఏదో అనుకున్నాడు. తర్వాత కాగితం నా ముందుకు తోశాడు.

"రాయి. నీ చేత్తోని రాయి. తెలుగుల రాయి. నేను కింద మా భాషల రాస్త. నేను చెప్తే చెల్లె నమ్మది. అన్న తన మనసు కోసం అబద్ధమాడుతున్నడు అనుకుంటది."

గంట పట్టింది. రాసింది ఇది:

"అమ్మా జర్మీనా, నా పేరు రాజమల్లు, బోర్డులు రాస్తాను. పొట్ట పటంలో పిత్తం సంచిని కల్లు లొట్టి చేసి తాడు, నురగ నేను ఎగతాళికి వేశాను. పుస్తకంలో లేవు. మీ అన్నయ్యకు తెలియదు. మీరు తప్పు చెప్పలేదు, నేను తప్పు వేశాను. షిరీన్ అమ్మకు కూడా చెప్పండి. పెద్దమనుషులకు చదివి వినిపించండి. నన్ను ఏమన్నా అనండి."

డాక్టరు కింద వాళ్ళ భాషలో రాస్తూ మధ్యలో ఆగాడు. "లొట్టికి ఏం రాయాలె? మా దిక్కు తాటిచెట్టు లేదు" అని కలం పట్టుకుని అట్లాగే కూర్చున్నాడు. చివరికి సారా కుండ అని రాశాడట. "ఇంకా ఖరాబు అయితది" అన్నాడు. అయినా రాశాడు.

జర్మనీ వాళ్ళకు ఇంకో ఉత్తరం, తన ఉస్తాద్ పుస్తకంలో తప్పు లేదని. అది ఆయనే రాసుకున్నాడు, నన్ను చూడనివ్వలేదు.

జనవరి 11

రైసుమిల్లు రాజేశ్వర్ రావు దారిలో కలిసి, "రాజమల్లూ, కొత్త తమాష ఏమన్న ఉన్నదా?" అన్నాడు. లేదన్నాను. నమ్మలేదు. నేనేమన్నా చేశానేమోనని జేబులు తడుముకుంటూ పోయాడు.

జనవరి 29

ఉత్తరం లేదు.

ఫిబ్రవరి 17

వచ్చింది. డాక్టరు దవాఖానకు పిలిచి చదివాడు. ముక్క ముక్కగా మన భాషలో చెప్పాడు.

పెద్దమనుషులకు నా ఉత్తరం చదివి వినిపించారట. సారా కుండ అనగానే ఇంకా మండిపడ్డారట. ఆడవాళ్ళ కడుపులో కాఫిర్లు సారా కుండ పెట్టారన్నారట. బడి తెరవరు. షిరీన్‌కు చెబుదామంటే ఆ మనిషే అక్కడ లేదు. పరీక్ష అయిన వారానికి మరిది వచ్చి ఇంకో క్యాంపుకు తీసుకుపోయాడు, ఎక్కడో తెలియదు. కుట్టుపని నేర్చుకుంటామని వంక పెట్టి నలుగురు మాత్రం జర్మీనా గుడారానికి వస్తున్నారు. పొట్ట పటం మళ్ళీ కావాలంటున్నారు.

చివర ఒక మాట నాకు రాసిందట. డాక్టరు అది చదవకుండా కాగితం మడిచాడు. చెప్పమన్నాను. వద్దన్నాడు. బతిమాలాను.

"ఆ రంగులు వేసిన మనిషికి మేమంటే కోపమా?" అని అడిగిందట.

ఎవరిమీదా కోపం లేకుండా చేశాను. ఈ జవాబు ఆమెకు ఎట్లా రాయాలో తెలియలేదు. కోపం ఉండి చేసి ఉంటే కనీసం వాళ్ళను ఒకసారి తలచుకున్నట్టు.

ఫిబ్రవరి 20

జిగురు కాచాను. గుడ్డ బిగించాను.

మార్చి 4

పొట్ట మళ్ళీ వేస్తున్నాను. పిత్తం సంచి దగ్గరికి వచ్చేసరికి కుంచె దాని మెడ చుట్టూ తిరగబోయింది. అలవాటు పడిన చెయ్యి ఎంత పాడుదో, తాడు వేయకుండా ఉండటానికి దాన్ని రెండో చేత్తో పట్టుకోవాల్సి వచ్చింది. వేయలేదు.

మార్చి 12

చుట్ట తీసుకుని పొద్దున్నే దవాఖానకు పోయాను. వరండాలో రెండు బల్లలు కలిపి పరిచారు. డాక్టరు ఒక పక్క, హన్నా ఒక పక్క. మధ్యలో ముసలాయన పుస్తకం తెరిచి పెట్టారు. నేను చెప్పులు విడిచి గోడకు ఆనుకుని నిలబడ్డాను. కూర్చోమని ఎవరూ అనలేదు. అన్నా కూర్చునేవాణ్ణి కాదు.

పోయినసారి తొమ్మిది చుట్టలు ఒక పాన్ నమిలేంత సేపట్లో చూశాడు. ఈసారి ఒక్కదానికి పొద్దంతా పట్టింది. ఒక్కో నరం మీద వేలు పెడతాడు, పుస్తకం చూస్తాడు, హన్నా "సరే సార్" అంటుంది, వేలు ముందుకు కదులుతుంది. పిత్తం సంచి మీద వేలు చాలాసేపు ఉంది. సంచి చుట్టూ తిప్పాడు. గోటితో గీకి చూశాడు, కింద ఇంకేమన్నా ఉందేమోనని. ఏమీ లేదు.

మూత్రపిండాల దగ్గర వేలు ఆగింది.

కుడివైపు నుంచి గొట్టం కిందికి దిగి ఉచ్చతిత్తిలో కలిసింది. ఎడమవైపుది సగం దాకా వచ్చి ఆగిపోయింది. కింద జానెడు ఖాళీ. నా ప్రాణం పోయింది. నిన్న ఆ గొట్టం వేస్తుంటే కళావతి అన్నానికి పిలిచింది. తిని వచ్చి, అయిపోయిందనుకుని పేగులకు పోయాను.

"ఇది?" అన్నాడు డాక్టరు.

"మరిచిపోయిన సాబ్."

ఆయన తల ఎత్తాడు.

"మరిచిపోయినవా, మరిచిపోయినట్టు పెట్టినవా?"

"లే సాబ్, నిజంగ మరిచిపోయిన. మా నాయన మీద ఒట్టు. అన్నానికి లేసిన, మళ్ళ వచ్చి..."

చెబుతుంటేనే తెలుస్తోంది, ఇది అచ్చం నేను చెప్పే అబద్ధంలాగే ఉంది. అన్నం, పెళ్ళాం పిలుపు, ఒట్టు. ఇన్నేళ్ళు ఊరికి చెప్పినవన్నీ ఇట్లాగే చెప్పాను. నిజానికి వేరే గొంతు తెచ్చుకుందామంటే నా దగ్గర ఇంకో గొంతు లేదు.

డాక్టరు నా మొహంలో చాలాసేపు వెతికాడు. రోగి నాలుక చూసినట్టు చూశాడు. తర్వాత హన్నా వైపు తిరిగాడు.

హన్నా నన్ను చూసింది. గొట్టం చూసింది. మళ్ళీ నన్ను చూసింది.

"మరిచిపోయినట్టే ఉన్నడు సార్" అన్నది.

అప్పుడు నమ్మాడు, ఆమె మాట మీద.

కుంచె తడిపి గొట్టం కలిపాను. నా పని అయిపోయింది, ఆయనకు బయట రోగులు ఉన్నారు, ఆమెకు వార్డు ఉంది. అయినా ఆ జానెడు రంగు ఆరేదాకా ఇద్దరూ పటానికి చెరోపక్క కూర్చునే ఉన్నారు.